పడే ఆహారం, పడని ఆహారం – మన శరీరం చెప్పే మాట విందాం





మన ఇళ్లలో “పడదు” అన్న మాట వినబడని రోజు ఉండదు. “నాకు వంకాయ పడదు”, “మా బాబుకు గుడ్డు పడలేదు”, “రొయ్యలు తింటే నాకు పడవు” అంటూ ఉంటాము. ఈ చిన్న మాట వెనుక ఒక్కోసారి మామూలు కడుపుబ్బరం ఉంటుంది. ఒక్కోసారి ప్రాణాపాయం ఉంటుంది. మరొక్కోసారి ఆహారంతో సంబంధమే లేని వేరే జబ్బు దాగి ఉంటుంది. వీటిలో ఏది ఏదో గుర్తుపట్టడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెబుతాను.

నర్సింగ్ డిప్లొమా పూర్తి చేసి ఆడవారి వార్డులో పనికి చేరిన కొత్తలో, తుంటి ఎముక విరిగిన ఒక పెద్దావిడ నా సంరక్షణలో ఉండేది. ఎముక గట్టిపడాలని రాత్రిపూట ఆమెకు పెద్ద గ్లాసుడు పాలు ఇచ్చేదాన్ని. “పాలు నాకు పడవమ్మా” అన్నది ఆమె. “ఎముక అతకాలంటే తాగాల్సిందే పెద్దమ్మా, అన్నీ అలవాటు చేసుకోవాలి” అని దగ్గర నిలబడి తాగించాను. ఆమె మారు మాట్లాడకుండా తాగింది. రాత్రంతా నీళ్ల విరేచనాలు. మాటిమాటికీ బెడ్‌పాన్ అడగడానికి సిగ్గుపడి, ఆమె మంచినీళ్లు తాగడం మానేసింది. నాలుగవ రోజు తెల్లవారేసరికి నాలుక ఎండిపోయి, బి.పి. పడిపోయి, పిలిస్తే పలకలేని స్థితిలో ఉంది. వెంటనే సెలైన్ పెట్టారు. దేవుని దయవలన కోలుకుంది.

ఆ రోజు మా వార్డు పెద్ద సిస్టర్ ఆమె మంచం పక్కన కూర్చొని మూడే ప్రశ్నలు వేశారు. “పాలు తాగిన ఎంతసేపటికి మొదలవుతుంది పెద్దమ్మా? పెరుగు తింటే అవుతుందా? కాఫీ తాగితే?” పాలు తాగిన గంటకు మొదలవుతుందనీ, పెరుగుతో ఏమీ కాదనీ, కాఫీతో కూడా ఏమీ కాదనీ ఆమె చెప్పింది. సిస్టర్ గారు పాలు మాన్పించి మజ్జిగ, రాగిజావ పెట్టించారు. రెండు రోజుల్లో కడుపు కుదుటపడింది. ఆమె శరీరం నిజమే చెప్పింది. ఆ నిజాన్ని ఆమె నాకు చెప్పింది. విననిది నేనే.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉన్నది. కొన్నాళ్ల తరువాత ఒక తల్లి రెండేళ్లు నిండిన బాబును తీసుకువచ్చింది. ఒళ్లంతా దురద, పొక్కులు. ఎవరో “గుడ్డు వేడి” అన్నారట, గుడ్డు మాన్పించింది. తగ్గలేదు. పాలు మాన్పించింది, తరువాత పప్పు, ఆ తరువాత నెయ్యి, కూరలు. చివరికి బాబుకు చారు అన్నం ఒక్కటే మిగిలింది. తూకం వేస్తే 8 కిలోలు! బాబు వేళ్ల సందుల్లో చూస్తే సంగతి తెలిసింది. అది గజ్జి. తల్లి చేతులకూ ఉంది, అక్కకూ ఉంది. ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు రాయిస్తే దురద తగ్గిపోయింది. అయితే ఆ బాబు పోగొట్టుకున్న బరువు తిరిగి రావడానికి చాలా నెలలు పట్టింది.

ఈ రెండు సంగతుల నుండి మనం నేర్చుకోవలసినది ఇది: శరీరం అబద్ధమాడదు. కాని దాని మాటకు అర్థం చెప్పడంలో మనం తొందరపడతాము. ముందు వినాలి, వ్రాసుకోవాలి, ఆ తరువాతనే నిర్ణయించుకోవాలి.

1. “పడదు” అన్న మాటలో నాలుగు సంగతులు

మొదటిది, జీర్ణం కాకపోవడం. ఆ ఆహారాన్ని అరిగించే శక్తి మన ప్రేగులలో చాలినంత లేకపోవడం. ఇది ఇబ్బంది పెడుతుంది గాని సాధారణంగా ప్రాణానికి ముప్పు తేదు. కొంచెం తింటే ఏమీ కాదు, ఎక్కువ తింటే బాధ కలుగుతుంది.

రెండవది, ఎలర్జీ. మన రోగనిరోధక శక్తి మంచి ఆహారాన్ని శత్రువుగా పొరబడి దాని మీదికి లేవడం. ఇక్కడ కొంచెం, ఎక్కువ అన్న లెక్క పనికిరాదు. ఒక్క ముక్క కూడా అపాయం తేవచ్చు.

మూడవది, ఆహారం చెడిపోవడం, లేక ఆ పదార్థంలోనే ఉండే గుణం. ఇది తిన్న మనిషి లోపం కాదు, ఎవరు తిన్నా జరుగుతుంది.

నాలుగవది, వేరే జబ్బు. గజ్జి, నులిపురుగులు, కడుపులో పుండు, ప్రేగుల క్షయ వంటివి ఉండగా మనం ఆహారం మీద నింద వేస్తాము.

ఇప్పుడు ఒక్కొక్కటి చూద్దాం.

2. పాలు తాగితే కడుపుబ్బరం ఎందుకు?

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉన్నది. దీనిని అరిగించడానికి చిన్న ప్రేగులలో లాక్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. చంటిబిడ్డలలో ఇది సమృద్ధిగా ఉంటుంది. పాలు మరచి పెద్దవారమయ్యే కొద్దీ మనలో చాలామందికి ఇది తగ్గిపోతుంది. ఇది జబ్బు కాదు. లోకంలో ఎక్కువమంది పెద్దవారి శరీరం ఇలాగే ఉంటుంది. ఉత్తర భారతదేశం వారికంటే మన దక్షిణాది వారిలో ఇది ఎక్కువ.

అరగని లాక్టోజ్ పెద్ద ప్రేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెడతాయి. గ్యాసు పుడుతుంది. పొట్ట ఉబ్బరం, గుడగుడలు, నొప్పి, నీళ్ల విరేచనం కలుగుతాయి. సాధారణంగా పాలు తాగిన అరగంట నుండి రెండు గంటల లోపల ఇది మొదలవుతుంది.

అయితే పెరుగు, మజ్జిగ అంత బాధ పెట్టవు. తోడు వేసినప్పుడు అందులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను కొంతవరకు ముందే ఖర్చు చేస్తాయి, కడుపులోకి వెళ్లాక కూడా అరుగుదలకు తోడ్పడతాయి. కాఫీ, టీలలో పాలు కొద్దిగానే ఉంటాయి గనుక చాలామందికి ఏమీ కాదు. కొందరు ఒక కప్పు పాలు కూడా అన్నంతో పాటు తీసుకుంటే తట్టుకోగలరు. పాలను ఎంత కాచినా లాక్టోజ్ పోదని గుర్తుంచుకోండి. గేదె పాలకు బదులు ఆవు పాలు తాగినా తేడా పెద్దగా ఉండదు, అన్ని పాలలోనూ లాక్టోజ్ ఉంటుంది.

పాలు మానవలసివస్తే సున్నం, అనగా కాల్షియం, వేరే విధంగా అందాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. నువ్వులు, మునగాకు, ముల్లుతో సహా తినే చిన్న చేపలు, పెరుగు కూడా మంచివి.

చిన్నపిల్లలకు విరేచనాలు పట్టుకున్న తరువాత కొద్ది రోజులు పాలు సరిగా అరగకపోవచ్చు. ప్రేగులు కోలుకోగానే అది పోతుంది. తల్లిపాలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మీ అంతట మీరు ఆపకండి. విరేచనాలప్పుడు తల్లిపాలు, ఓ.ఆర్.ఎస్. రెండూ ఇస్తూనే ఉండాలి.

3. ఎలర్జీని ఎలా గుర్తించాలి?

ఎలర్జీ ఎక్కువగా త్వరగా బయటపడుతుంది. తిన్న కొన్ని నిమిషాలలో, లేదా రెండు గంటల లోపల లక్షణాలు కనబడతాయి. పెదవులు, నాలుక దురదపెట్టడం, ఒంటి మీద దద్దుర్లు లేవడం, కళ్లు, పెదవులు వాయడం, వాంతులు, కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి, గొంతు పట్టేయడం, పిల్లికూతలు, తల తిరగడం – ఇవి దాని గుర్తులు. అదే పదార్థం తిన్నప్పుడల్లా మళ్లీ రావడం ముఖ్యమైన ఆనవాలు.

ఎక్కువగా ఎలర్జీ కలిగించేవి పాలు, గుడ్లు, వేరుశనగలు, జీడిపప్పు వంటి గింజలు, చేపలు, రొయ్యలు, పీతలు, గోధుమ, సోయా, నువ్వులు. పాలు, గుడ్డు ఎలర్జీ పిల్లలలో చాలామందికి పెద్దయ్యేసరికి పోతుంది. వేరుశనగ, చేప, రొయ్యల ఎలర్జీ ఎక్కువమందిలో నిలిచిపోతుంది. ఆవు పాల ఎలర్జీ ఉన్న బిడ్డకు గేదె పాలు, మేక పాలు పట్టడం పరిష్కారం కాదు. వాటిలోని మాంసకృత్తులు చాలావరకు ఒకే పోలికలో ఉంటాయి.

ఒక యువకుడి సంగతి చెబుతాను. రొయ్యల కూర తిన్నప్పుడు రెండుసార్లు అతనికి పెదవులు దురద పుట్టి, మెడ మీద దద్దుర్లు లేచాయి. “కారం ఎక్కువైంది” అని ఊరుకున్నాడు. మూడవసారి ఒక పెండ్లి విందులో రొయ్యల వేపుడు తిన్నాడు. పావుగంటలో ముఖం వాచింది, గొంతు బిగిసింది. బంధువులు వాంతి చేయించాలని చింతపండు నీళ్లు తాగించారు. అటూ ఇటూ నడిపించారు. ఆసుపత్రికి చేరేసరికి నాడి అందడం కష్టమైంది. డాక్టరుగారు తొడ కండకు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొద్ది నిమిషాలలో ఊపిరి తేలికైంది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఏమి జరిగేదో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

అతని శరీరం రెండుసార్లు మెల్లగా చెప్పింది. మూడవసారి గట్టిగా అరిచింది. మొదటిసారి తేలికగా పోయింది గనుక మరుసటిసారి కూడా తేలికగానే పోతుందని ఎలర్జీ విషయంలో ఎవరూ చెప్పలేరు.

4. ఎలర్జీలా కనబడేవి, కాని ఎలర్జీ కానివి

కంద, చేమ: “కందకు లేని దురద కత్తిపీటకెందుకు” అని మన పెద్దలు సామెత చెప్పారు. కంద దురద ఎలర్జీ కాదు. అందులో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు ఉంటాయి. అవి చర్మానికీ నాలుకకూ గుచ్చుకుంటాయి. చింతపండు వేసి బాగా ఉడికించే మన వంట పద్ధతి దానికి మందు.

నిలవ చేపలు: కానాగంత, సూర వంటి చేపలను పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుపోతుంది. అది తిన్నవారికి ముఖం ఎర్రబడి, తలనొప్పి, గుండెదడ, దద్దుర్లు రావచ్చు. వండినా, వేయించినా అది పోదు. అదే కూర తిన్న ముగ్గురు నలుగురికి ఒకేసారి ఇలా జరిగితే చేప చెడిపోయిందని అనుమానించాలి. అయినా ఆయాసం ఉంటే ఆసుపత్రికి రావలసిందే.

జ్వరంతో దద్దుర్లు: పిల్లలకు వైరస్ జ్వరాలలో కూడా దద్దుర్లు లేస్తాయి. ఆ రోజు తిన్న గుడ్డు మీద నేరం మోపకండి.

మందులు: కొందరికి నొప్పి మాత్రలు, కొన్ని యాంటిబయాటిక్ మందులు పడవు. ఆ రోజు ఏ మాత్ర వేసుకున్నారో కూడా గుర్తుచేసుకోండి.

గోధుమ: కొందరికి గోధుమలోని గ్లూటెన్ అనే పదార్థం వలన చిన్న ప్రేగుల లోపలి పొర దెబ్బతింటుంది. దీనిని సీలియాక్ జబ్బు అంటారు. ఇది తిన్న గంటలో తెలిసేది కాదు. నెలల తరబడి విరేచనాలు, రక్తహీనత, పిల్లలలో ఎదుగుదల లేకపోవడం దీని గుర్తులు. మన దేశంలో ఇది గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాది వారిలో ఎక్కువ. రొట్టెకూ ఈ జబ్బుకూ గల సంబంధాన్ని కనిపెట్టినది హాలండు దేశపు పిల్లల డాక్టరు విల్లెం డికె. 1944–45 చలికాలంలో ఆ దేశంలో కరువు వచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు బాగుపడడం, రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడడం ఆయన అనుమానాన్ని బలపరచింది. 1950లో ఆయన దీనిపై తన పరిశోధన గ్రంథాన్ని వెలువరించారు. ఓపికగా చూచి, పోల్చి, వ్రాసుకున్నందువలన లక్షలాది బిడ్డలకు మేలు కలిగింది. ఒక హెచ్చరిక: ఈ అనుమానం ఉంటే ముందు రక్తపరీక్ష చేయించుకొని ఆ తరువాతనే గోధుమ మానాలి. ముందే మానితే పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు.

5. ఒక నోటుపుస్తకం పెట్టండి

పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన తెల్ల కాగితాలు చాలు. రెండు వారాలు ఈ అయిదు సంగతులు వ్రాయండి.

(1) తేదీ, తిన్న సమయం. (2) ఏమి తిన్నారు, ఎంత తిన్నారు. (3) ఏ బాధ కలిగింది. (4) తిన్న ఎంతసేపటికి కలిగింది, ఎంతసేపు ఉంది. (5) ఆ రోజు ఇతర సంగతులు – మాత్రలు, జ్వరం, నిద్ర లేకపోవడం, ప్రయాణం, స్త్రీలకు నెలసరి, మనసులో దిగులు.

చదువు రానివారు బడికి వెళ్లే మనుమలచేత వ్రాయించవచ్చు.

ఉదాహరణకు ఒకరి పుస్తకంలోని ఒక పేజీ ఇలా ఉంటుందనుకోండి:

సోమవారం ఉదయం 7 గంటలు – కాఫీ. ఏమీ లేదు.
సోమవారం రాత్రి 9 గంటలు – పాలు పెద్ద గ్లాసు. 10 గంటలకు పొట్ట ఉబ్బరం, గుడగుడ.
మంగళవారం మధ్యాహ్నం – పెరుగన్నం. ఏమీ లేదు.
బుధవారం సాయంత్రం – సేమ్యా పాయసం రెండు గిన్నెలు. గంటన్నరకు నీళ్ల విరేచనం.
గురువారం రాత్రి – పాలు తాగలేదు. హాయిగా నిద్రపట్టింది.

ఈ పేజీ చూడగానే మీకే అర్థమవుతుంది. ఇక్కడ “పాలు పడవు” అనడం సరి కాదు. “ఎక్కువ పాలు ఒకేసారి పడవు, పెరుగు పడుతుంది” అనడం సరి. ఈ రెండు మాటల మధ్య తేడా ఒక మనిషి ఎముకల బలమంత పెద్దది.

డాక్టరుగారి దగ్గరకు వచ్చేటప్పుడు ఈ పుస్తకం తప్పక తీసుకురండి. పావుగంటసేపు అడిగినా గుర్తురాని సంగతులు అందులో ఉంటాయి.

6. మాని చూడడం, మళ్లీ తిని చూడడం

బైబిలులో దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము మీకు తెలుసు. రాజు భోజనమునకు బదులు శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి 10 దినములు పరీక్షించమని దానియేలు అడిగాడు. ఆ తరువాత ముఖాలు పోల్చి చూడమన్నాడు. ఆయన దేవుని యెదుట తన్ను పవిత్రముగా ఉంచుకొనుటకు అలా చేశాడు. అయినా ఆ పద్ధతిని గమనించండి. గడువు పెట్టాడు, పోల్చి చూడమన్నాడు, ఫలితాన్ని బట్టి నిర్ణయించమన్నాడు. మనమూ అలాగే చేయవచ్చు.

ఒకసారికి ఒక్క పదార్థమే మానండి. రెండు నుండి నాలుగు వారాలు చాలు. తగ్గకపోతే ఆ పదార్థం నిర్దోషి, మళ్లీ తినండి. తగ్గితే కొద్దిగా మొదలుపెట్టి మూడు నాలుగు రోజులలో మెల్లగా పెంచుతూ తిని చూడండి. బాధ మళ్లీ వస్తే అప్పుడు ఆ పదార్థమే కారణమని అనుకోవచ్చు. చాలామంది మానడం వరకు చేస్తారు గాని మళ్లీ తిని చూడరు. అందువల్ల ఏ తప్పూ లేని ఆహారం జీవితాంతం ఇంట్లోకి రాకుండా పోతుంది.

జాగ్రత్త! దద్దుర్లు, ముఖం వాపు, గొంతు బిగియడం, ఆయాసం, స్పృహ తప్పడం – వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఆ పదార్థాన్ని ఇంట్లో మళ్లీ తిని చూడకూడదు. అలాగే చిన్నపిల్లలు, గర్భిణులు, బాలింతలు, షుగరు ఉన్నవారు డాక్టరు సలహా లేకుండా ఈ పరీక్ష చేసుకోవద్దు.

7. తల్లులకు ప్రత్యేకంగా కొన్ని మాటలు

బిడ్డకు 6 నెలలు నిండగానే తల్లిపాలతో పాటు మెత్తని ఆహారం మొదలుపెట్టండి. కొత్త పదార్థాలు ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా పెట్టి చూడండి. ఏదైనా పడకపోతే ఏది పడలేదో తెలుస్తుంది. ఎలర్జీ వస్తుందేమోనన్న భయంతో గుడ్డు, పప్పు, చేప ఏళ్ల తరబడి దూరం పెట్టడం వల్ల మేలు లేదు. 2015లో లండన్‌లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పసిబిడ్డలకు వేరుశనగ పదార్థాన్ని ముందునుండే తినిపిస్తే, దూరం పెట్టిన బిడ్డలకంటే వారిలో ఆ ఎలర్జీ సుమారు 80 శాతం తగ్గింది. తీవ్రమైన గజ్జి తామర గాని, గుడ్డు ఎలర్జీ గాని ఉన్న బిడ్డకు మాత్రం డాక్టరును అడిగి మొదలుపెట్టండి. పసిపిల్లలకు వేరుశనగ గింజలు గింజలుగా పెట్టకండి, గొంతుకు అడ్డుపడతాయి. మెత్తగా నూరి జావలో కలపండి.

బాలింతలకు పథ్యం పేరుతో పప్పు, కూరలు, నీళ్లు కూడా తగ్గించే ఆచారం కొన్ని ఇళ్లలో ఉన్నది. బిడ్డకు పడదని తల్లిని పస్తు పెట్టనవసరం లేదు. బిడ్డ విరేచనంలో రక్తం కనబడితే, లేక ఒంటి నిండా ఎర్రని మచ్చలు వచ్చి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఏది మానాలో, ఎన్నాళ్లు మానాలో, దాని బదులు ఏమి తినాలో వారే చెబుతారు.

ఒక పదార్థం మాన్పించవలసి వస్తే దాని స్థానంలో ఏది పెట్టాలో తెలుసుకోకుండా మాన్పించకండి. నెలకొకసారి బిడ్డ బరువు చూపించండి. అంగన్‌వాడీలో తూకం వేస్తారు.

8. వెంటనే ఏమి చేయాలి?

తిన్న తరువాత గొంతు బిగుసుకున్నా, మాట మారినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోతున్నా, దద్దుర్లతో పాటు పదేపదే వాంతులవుతున్నా ఇలా చేయండి.

– వెంటనే 108కు ఫోన్ చేయండి. లేదా దొరికిన బండిలో దగ్గరి ఆసుపత్రికి తీసుకురండి.
– రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచండి. ఆయాసం ఎక్కువగా ఉంటే కాళ్లు చాపి కూర్చోనివ్వండి. లేపి నిలబెట్టకండి, నడిపించకండి.
– వాంతి చేయించకండి. చింతపండు నీళ్లు, పసర్లు, పాలు పోయకండి.
– సెటిరిజిన్ వంటి మాత్ర దురదను తగ్గిస్తుంది గాని ప్రాణాన్ని కాపాడదు. దానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ కావాలి. మాత్ర వేసి చూద్దామని ఇంట్లో కూర్చోకండి.
– తగ్గిన వెంటనే ఇంటికి తొందరపడకండి. కొన్ని గంటల తరువాత మళ్లీ తిరగబెట్టవచ్చు. డాక్టరు ఉండమన్నంతసేపు ఉండండి.

ఇక మెల్లగా చూపించుకోవలసినవి కాని నిర్లక్ష్యం చేయకూడనివి: బరువు తగ్గడం, విరేచనంలో రక్తం, రాత్రి నిద్రలో లేపే విరేచనాలు, సాయంత్రపు జ్వరం, రక్తహీనత, మింగడం కష్టమవడం, యాభై దాటాక కొత్తగా మొదలైన కడుపు బాధ. వీటిని “ఏదో పడలేదు” అని సరిపెట్టుకోకండి.

9. రక్తపరీక్షతో అన్నీ తెలిసిపోతాయా?

“ఒక్క రక్తపరీక్షతో వంద పదార్థాలలో మీకు ఏది పడదో చెబుతాము” అన్న ప్రకటనలు మీరు చూచి ఉంటారు. ఐ.జి.జి. అనే పదార్థాన్ని కొలిచే ఈ పరీక్షలను ఎలర్జీ వైద్య నిపుణుల సంఘాలు సిఫారసు చేయవు. మనం తరచుగా తినే ఆహారానికి ఐ.జి.జి. ఉండడం మామూలే. అది జబ్బుకు గుర్తు కాదు. ఎలర్జీకి వేరే రక్తపరీక్ష, చర్మపరీక్ష ఉన్నాయి. అవి కూడా మీరు చెప్పిన సంగతులతో కలిపి చూస్తేనే అర్థమిస్తాయి. కాబట్టి మొదటి పరీక్ష మీ నోటుపుస్తకమే. దానికి డబ్బు ఖర్చు లేదు.

నిజంగా ఎలర్జీ ఉన్నట్లు తేలితే ఆ సంగతి ఇంట్లో వారికి, బడిలో టీచరుకు, విందులో వడ్డించేవారికి చెప్పండి. పచ్చడిలో వేరుశనగలు, గ్రేవీలో జీడిపప్పు, బిస్కెట్లలో పాలపొడి కనబడకుండా ఉంటాయి. రొయ్యలు వేయించిన నూనెలోనే బజ్జీలు వేయవచ్చు. ప్యాకెట్టు ఆహారాల మీద ఎలర్జీ కలిగించే పదార్థాల పేర్లు ముద్రించాలని మన దేశంలో 2020 నాటి నియమాలు చెబుతున్నాయి. కొనేముందు చదవండి.

ముగింపు

ప్రియులారా, మన ఆప్యాయత వడ్డనలో కనబడుతుంది. ప్రేమ విందులలో, పెండ్లిళ్లలో “ఇంకొంచెం వేసుకోండి, ఏమీ కాదు” అని బలవంతపెట్టడం మనకు అలవాటు. ఎవరైనా “నాకు పడదండీ” అంటే మొహమాటపెట్టకండి. “ఏమవుతుంది? ఎంతసేపటికి అవుతుంది?” అని అడగండి. ఆ రోజు నేను ఆ పెద్దమ్మను అడగవలసిన ప్రశ్న అదే. ఇప్పుడు మా వార్డులో చేరే ప్రతి రోగినీ మొదటి రోజే ఆ ప్రశ్న అడిగి కేసు షీటు మీద వ్రాసుకుంటున్నాను.

శరీరాన్ని దేవుడు మన చేతికి అప్పగించాడు. దాని మాట వినడం గారాబం కాదు, భయం కాదు. అది మన బాధ్యత.

జ్ఞాపకం చేసుకోవడానికి ప్రశ్నలు

1. ఆహారం అరగకపోవడానికీ, ఎలర్జీకీ ముఖ్యమైన తేడా ఏమిటి?
2. పాలు పడనివారిలో చాలామందికి పెరుగు ఎందుకు పడుతుంది?
3. నోటుపుస్తకంలో వ్రాయవలసిన అయిదు సంగతులు ఏవి?
4. ఏ లక్షణాలు వచ్చినప్పుడు ఆ పదార్థాన్ని ఇంట్లో మళ్లీ తిని చూడకూడదు?
5. గొంతు బిగిసి ఆయాసపడుతున్నవారిని ఎందుకు నడిపించకూడదు, ఎలా ఉంచాలి?

ఈ ప్రశ్నలు ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఒకరినొకరు అడగండి. సమాధానం తెలియకపోతే పాఠం మరల చదవండి. ఆసుపత్రికి వచ్చినప్పుడు సిస్టర్లను అడగడానికి సంకోచించకండి.

ప్రభువు మీ కుటుంబాలను ఆరోగ్యముతోను సమాధానముతోను కాపాడును గాక.